ఇంటికి తీసుకెళ్ళిన కొడవలి

ఏలుమలై తోటపని ముగిశాక పార, కలుపు తీసే తొలిక, కొడవలి బోరు నీళ్ళ కింద కడిగి అరుగు మీద వరసగా పెడతాడు. వాన పడుతున్నా ఆ పని మానడు.

మూలకుళం ఊరి అవతల మా అవ్వ చెంగమ్మకు అరెకరం ఆకుకూరల తోట ఉంది. మూడేళ్ళ కిందట ఏలుమలై అక్కడికి పని అడగడానికి వచ్చాడు. ఏదీ దాచలేదు. కొట్లాటలో ఒక మనిషి చనిపోయిన కేసులో పదకొండేళ్ళు జైల్లో ఉన్నానని, సేద్యం నేర్చుకున్నది జైలు తోటలోనేనని చెప్పాడు. అప్పటికే నాలుగు చోట్ల పొమ్మన్నారు. ఇక్కడా కాదంటే, తలదాచుకుంటున్న అక్క ఇంటి నుంచి కూడా వెళ్ళిపోవాల్సిందే.

"వారం చూస్తా," అంది అవ్వ.

పక్క తోట నరేంద్రన్ మామ ఊరుకోలేదు. "ఏందత్తా, జైలు మనిషి చేతికి కొడవలి ఇస్తావా?"

"నీ చేతికిస్తే ఏం కోసినావురా? పోయినేడు నా అరటిగెలే కదా!"

మొదటిరోజు సాయంత్రం ఏలుమలై పనిముట్లు అరుగు మీద పెట్టి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదల్లేదు.

"ఏందప్పా, ఇంకా పోలేదా?"

"మీరు లెక్క చూసుకోలేదు కదమ్మా."

"ఏం లెక్క?"

"జైల్లో దినామూ పనిముట్లు ఎంచుతారు. ఒకటి తగ్గినా ఎవురినీ కదలనీరు."

కంచె అవతల నుంచి నరేంద్రన్ మామ చూస్తూనే ఉన్నాడు. అవ్వ ఎంచలేదు. కొడవలి తీసి ఆయన ముందు చాపింది.

"పదును పోయింది. ఇంటికి ఎత్తుకపోయి నూరుకుని రా. పొద్దున్నే తోటకూర కోయాల."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత కొడవలిని తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళాడు.

మరునాడు అవ్వ వెళ్ళేసరికి తోటకూర కట్టలు కట్టి, తడిగోనె కప్పి ఉన్నాయి. నరేంద్రన్ మామ ఒక కట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా కొడవలి కూడా నూరిపెడతావా?" అని గొణిగాడు. వారం గడువు మాట అవ్వ మళ్ళీ ఎత్తలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధఖైదీలు అమెరికా పొలాల్లో పనిచేశారని ఈ మధ్య చదివి ఆయనకు చెప్పాను. కొందరు రైతులు వాళ్ళను తమతో పాటే కూర్చోబెట్టుకుని భోజనం పెట్టారన్నాను.

ఏలుమలై నా వైపు తిరిగాడు. "సొంత ఊరికి పోయినాక వాళ్ళకి పని ఎవురిచ్చినారు పాపా?"



ఈ ఏడు తోటలో సగం ఆయనే పాలుకు, పంటలో వాటా తీసుకుంటూ, చేస్తున్నాడు. ఇప్పుడు అక్క ఇంట్లో కాదు, ఒర్లియంపేటలో అద్దె గదిలో ఉంటున్నాడు.