ఆరు వైపులా ‘ఈ వైపు పైకి’

బొమ్మ వేయడం వరకే మన పని, మిగతాదంతా లోకం చూసుకుంటుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు (వెతికితే కదా వచ్చేది). దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో నాన్నకిచ్చిన ప్రభుత్వ క్వార్టర్లో, వెనక బాల్కనీలో కూలర్ పక్కన ఈజిల్ నిలబెట్టి, ఎండాకాలమంతా రంగులు పులుముతూ కూర్చున్నాను. నాన్న సెక్షన్ ఆఫీసరు. నా బొమ్మలు బాగాలేవని ఆయన ఒక్కనాడూ అనలేదు. బ్యాంకు పరీక్షల పుస్తకం తెచ్చి ఈజిల్ కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళేవారు, అంతే. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. ఆగస్టులో బ్యాంకు కోచింగు కొత్త బ్యాచ్ మొదలయ్యేలోగా మనకి చుట్టమో, తెలిసినవాళ్ళో కాని మనిషి ఒక్కరు నా బొమ్మ కొంటే నా దారిన నన్ను వదిలేస్తారు. లేదంటే నేను కటవారియా సరాయ్‌లో కోచింగుకి వెళ్ళాలి.

జులైలో అద్భుతం జరిగింది. ఆన్‌లైన్‌లో పెట్టిన నా బొమ్మల్లో, మేడ మీది నీళ్ళ ట్యాంకులపై పావురాలు వాలిన బొమ్మ ఒకటి జబల్‌పూర్‌లో ఒక పళ్ళ డాక్టరమ్మకి నచ్చింది. కొత్తగా తెరిచిన క్లినిక్‌లో వెయిటింగ్ రూము గోడకి కావాలట. నేను ఇల్లంతా గంతులేశాను. నాన్న మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, మరి పంపడం ఎలాగో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. ఆ క్షణం నుంచి ఆ వ్యవహారం నా చేతుల్లోంచి ఆయన చేతుల్లోకి పోయింది.

రెండు రోజులు నాన్న ఆఫీసు నుంచి రాగానే ఫోనులో ప్యాకింగు వీడియోలు చూశారు. రంగు మీద నేరుగా బబుల్ రాప్ చుడితే ఈ ఎండకి బుడగల అచ్చు పడుతుందని, ముందు బటర్ పేపర్ కప్పాలని, మూలలకి అట్టలు తొడగాలని, పెట్టెలో ఇంకో పెట్టె ఉండాలని నాకు పాఠం చెప్పారు. కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టెలు మోసుకొచ్చారు. శనివారం ఆయనకి సెలవు. అమ్మ కూరలకి బజారుకెళ్ళగానే పని మొదలుపెట్టారు.

అయితే పార్సిళ్ళని ఎలా విసురుతారో తనకి తెలుసని, పరీక్ష చేయందే పంపేది లేదని పట్టుబట్టారు. పరీక్షంటే మా మొదటి అంతస్తు బాల్కనీ నుంచి కింద గడ్డిలోకి పడేయడం. బొమ్మ పాడైపోతుందని నేను ఏడుపు మొహం పెట్టాను.

“అందుకే బొమ్మ పెట్టనమ్మా,” అన్నారు నాన్న. “అద్దం ఉన్నదేదైనా పెడదాం. అద్దమే బతికితే గుడ్డ మీద బొమ్మకి ఢోకా ఏముంది?”

సరిగ్గా అంత సైజులో, అద్దంతో, మా ఇంట్లో ఒకటే వస్తువుంది. హాల్లో గోడకున్న అమ్మానాన్నల పెళ్ళి ఫొటో. వాళ్ళ పెళ్ళికి గుర్తుగా మిగిలిన ఒకే ఒక్క ఫొటో అది. అందులో అమ్మ తలొంచుకుని ఉంటుంది, నాన్న కుడి బుగ్గ కాస్త ఉబ్బి, ఎవరితోనో తగువు పడి వచ్చినట్టు కూర్చుని ఉంటారు (ఫొటోగ్రాఫరు లైటు సరిగ్గా పెట్టలేదని నాన్న వాదన). దాన్ని చుట్టి, పెట్టెలో పెట్టి, టేపు బిగించి, పెట్టెకి ఆరు వైపులా బాణం గుర్తు వేసి ‘ఈ వైపు పైకి’ అని ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాశారు. ఏదో ఒక వైపు రాస్తే చాలు కదా అంటే, ఎటు పెట్టినా జాగ్రత్తగా పెడతారు, నీకు తెలియదన్నారు.

పెట్టె గడ్డిలో పడింది. కింద కుర్చీలో పేపరు చదువుకుంటున్న అంకుల్ లేచి ఇంట్లోకి వెళ్ళిపోయారు. నాన్న పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. చప్పుడు లేదు. విప్పితే టేపంతా దండగని, పాసైనట్టేనని ప్రకటించి, బొమ్మని కూడా అచ్చం అలాగే కట్టారు. ఇంతలో మెట్ల మీద అమ్మ చెప్పుల చప్పుడు. నేను కంగారుగా ఒక పెట్టె పట్టుకుని కొరియర్ ఆఫీసుకి ఆటో ఎక్కాను. నాన్న రెండోది దివాన్ కిందికి తోసి, ఫొటోకి ఫ్రేము మార్పించడానికిచ్చానని అమ్మతో చెప్పారు.

తర్వాత వారం జబల్‌పూర్ నుంచి ఫోనొచ్చింది. అమ్మానాన్నలు కూడా వింటారని స్పీకర్‌లో పెట్టాను. మా గొప్పదనం అందరూ వినాలిగా. డాక్టరమ్మ హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడింది. పార్సిల్ విప్పడానికి క్లినిక్‌లో ఉన్న పరికరాలన్నీ వాడాల్సి వచ్చిందట. బొమ్మ అచ్చం ఫొటోలా ఉందట, కాకపోతే తను అడిగింది పావురాల్ని.

కోచింగు బ్యాచ్, మా అమ్మ పెళ్ళి ఫొటో ఒకేసారి నా కళ్ళముందు తిరిగాయి. క్షమాపణలు చెప్పుకుంటూ, అది మా అమ్మానాన్నల ఫొటో అన్నాను. ఆవిడ నవ్వి, అద్దం మీద గీత కూడా పడలేదు, దిగులు పడొద్దంది. తర్వాత, “ఒకటి చెప్పనా బేటా? మీ నాన్నగారికి ఆ రోజు కుడివైపు జ్ఞానదంతం బాగా వాచి ఉంది. ఆ నొప్పితో పెళ్ళిపీటల మీద ఎలా కూర్చున్నారో!” అంది.

అమ్మ నాన్న వైపు తిరిగింది. ఫ్రేము సంగతి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

“పన్ను నొప్పా?” అంది మెల్లగా. “నేను నచ్చక అలా మొహం పెట్టారనుకున్నానండీ, ఇన్నేళ్ళూ.”

నాన్న నేల చూపులు చూశారు. “పెళ్ళి రోజున పన్ను నొప్పంటే మీవాళ్ళు నవ్విపోతారని చెప్పలేదు. మీ అన్నయ్య కూడా ఒకటే లడ్డూలు తినిపించాడాయె.”

అమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. చివర్లో కళ్ళు తుడుచుకుంది కూడా. నాన్న అదే అదనుగా ఫోను అందుకుని, తన ఆఫీసు హిందీలో, ఫొటో తిరిగి పంపాల్సిన విధానం డాక్టరమ్మకి అంచెలంచెలుగా వివరించారు. ఆవిడ వినయంగా అచ్ఛా, అచ్ఛా అంటూనే ఉంది. బబుల్ రాప్ దొరక్కో ఏమో, క్లినిక్‌లోని దూదితో కట్టి పంపింది. ఫొటో చెక్కుచెదరకుండా వచ్చింది, ఇల్లంతా ఆసుపత్రి వాసన. పావురాలు ఈసారి సరైన పెట్టెలో జబల్‌పూర్ వెళ్ళాయి. నాన్న మాట మీద నిలబడ్డారు. పరీక్షల పుస్తకం పై అంతస్తు ఆంటీ వాళ్ళమ్మాయికిచ్చేశారు.

ఇప్పుడు నోయిడాలో బొమ్మలకంటూ నాకో గది ఉంది. పాటలు వింటూ, ఆలోచించకుండానే ప్యాక్ చేసేస్తాను. ఏ బొమ్మ ఏ ఊరెళ్ళిందో కొన్నిసార్లు గుర్తుండదు కూడా. కానీ ఆ సాయంత్రం మాత్రం మర్చిపోలేను. డాక్టరమ్మ తన వెయిటింగ్ రూము ఫొటో పంపింది. బెంచీ మీద కూర్చున్న ఓ పెద్దాయన, లోపలికి పిలుస్తారన్న భయం కాసేపు పక్కన పెట్టినట్టు, తలెత్తి నా పావురాల్ని చూస్తున్నాడు. బాల్కనీలో నిలబడి ఆ ఫొటోని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసుకుంటున్న ఆ అమ్మాయి, అంటే అప్పటి నేను, వాన మొదలైన సంగతి కూడా గమనించలేదు. ఈజిల్ మీద సగం వేసిన కొత్త బొమ్మ రంగులన్నీ కిందికి కారిపోయాయి. దానికైనా ఏడ్చిందా అంటే, లేదు, తడుస్తూ నవ్వుతూనే ఉంది.