జట్టు కొట్టుకుంటున్నప్పుడు

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, జూన్ బదిలీల్లో నన్ను చీపురుపల్లి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, ఇంగ్లిషు. ఆ నవంబరులో మండల స్థాయి వ్యాకరణ పోటీకి ప్రశ్నపత్రం, కీ తయారుచేసే పని మండల విద్యాధికారి నాకు అప్పగించారు. కీ అంటే దిద్దేవాళ్లందరూ అనుసరించవలసిన జవాబుల పట్టిక. అందులో లేని జవాబుకు మార్కు ఉండదు. మొదటి స్థానం వచ్చిన ఒక్కరే విజయనగరంలో జరిగే జిల్లా పోటీకి వెళతారు.

పత్రంలో ఒక ఖాళీ ఇచ్చాను: ‘ద టీమ్ ... క్వారలింగ్ అమాంగ్ దెమ్‌సెల్వ్స్.’ జట్టువాళ్లు తమలో తాము గొడవపడుతున్నారని అర్థం. టీమ్, ఫ్యామిలీ, కమిటీ వంటి సమూహ నామాలకు ఏకవచన క్రియే రావాలని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినవాణ్ణి. కీలో ‘ఈజ్’ అని వేసి సంతకం చేశాను.

మా తొమ్మిదో తరగతి గౌరి ‘ఆర్’ అని రాసింది. ‘ఈజ్’ అని రాసిన వేరే పాఠశాల అబ్బాయి కంటే ఒక్క మార్కు తేడాతో రెండో స్థానంలో ఆగింది. ఫలితాలు వచ్చిన మర్నాడు ఉదయం ప్రశ్నపత్రం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది.

“జట్టు గెలిసింది అంటాం సార్. ఆళ్లలో ఆళ్లు కొట్టుకుంటే జట్టు కొట్టుకుంటన్నాది అంటామేటండి? జట్టోళ్లు కొట్టుకుంటన్నారనే కదా అంటాం.”

ఇంగ్లిషుకు తెలుగు న్యాయం చెల్లదని చెప్పి పంపేశాను.

సాయంత్రం ఇంటికొచ్చాక మనసాగక వ్యాకరణ గ్రంథం తీశాను. సమూహం ఒక్కటిగా పనిచేస్తే ఏకవచనం; సభ్యులు ఎవరికి వారుగా కనిపిస్తే, మన పాఠ్యపుస్తకాలు అనుసరించే బ్రిటిష్ పద్ధతిలో, బహువచనం. ‘దెమ్‌సెల్వ్స్’ అని నేనే ఇచ్చి, ‘ఈజ్’ అని నేనే రాశాను.

మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద విద్యాధికారి కార్యాలయానికి వెళ్లి, కీ తప్పని రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన కాగితం చదివి పక్కన పెట్టారు. “కీ నువ్వే రాసి నువ్వే తప్పంటే ఏటి సెయ్యమంటావయ్యా? లిస్టు నిన్న సాయంత్రమే జిల్లాకెళ్లిపోయింది.” జిల్లా కార్యాలయానికి ఫోను చేశారు గానీ, పేరు మార్చడం కుదరదని అక్కడివాళ్లు అన్నారు. ఆ అబ్బాయే విజయనగరం వెళ్లాడు.

కార్యాలయం నుంచి వచ్చిన రోజే తరగతిలో అందరి ముందూ తప్పు నాదేనని చెప్పి, గౌరి చేతే ఆ సూత్రం వివరింపజేశాను. బోర్డు మీద రెండు వాక్యాలూ పొందికగా రాసింది. సుద్దముక్క నా చేతికిస్తూ, “నిన్న పొద్దున్నే మీరు పుస్తకం సూసుంటే నాను ఎల్లేదాన్నండి,” అంది. కోపంగా అనలేదు.

ఆ తర్వాత మరొకరికి చూపించకుండా ఏ కీ మీదా సంతకం పెట్టలేదు. తప్పని కొట్టేసే ముందు ఎందుకలా రాశావని అడగడం కూడా ఉపాధ్యాయుడి పనిలో భాగమే. దాన్ని సర్వీసు చివర్లో నేర్చుకున్నాను.