పొర మీద బొట్టు

మా సార్ పోయారన్న కబురు నాకు క్లాసు మధ్యలో తెలిసింది. అటెండరు గుమ్మంలో నిలబడి, "మేడంగారండీ, పెద్దసారు పోనారంటండి. తెల్లారగట్లేనంట," అన్నాడు. ఆయన రిటైరై కొన్నేళ్ళయింది, ఇప్పటి పిల్లలకు తెలియదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసటగా అనిపించింది. ఈమధ్య మంచి కబురైనా చెడ్డ కబురైనా నాకు ముందు వచ్చేది అలసటే.

డెబ్భైల్లో నేను నర్సీపట్నం కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరేనాటికి ఆయన కెమిస్ట్రీ శాఖకు పెద్ద. మనిషికి పెళ్ళి వయసు ఎప్పుడో దాటిపోయింది. ఇంట్లో ఆయనా, ముసలి తల్లీ. కాలేజీలో ఆయనా, ఒక తొట్టీ. ఆ తొట్టిలో నీళ్ళ మీద పొర పరిచి, దాన్ని ఎత్తి రేకుకు అంటించడమే ఆయన పరిశోధన.

పొర అంటే పాల మీద మీగడ అనుకునేరు. కొవ్వొత్తుల్లో వేసే కొవ్వులాంటి పదార్థాన్ని బెంజీనులో కరిగించి ఒక్క బొట్టు నీటి మీద వేస్తే, బెంజీను ఎగిరిపోయి, ఆ కొవ్వు ఒక్క అణువు మందాన పరుచుకుంటుంది. కంటికి ఆనదు. వెంట్రుక మందాన్ని వేల వంతులు చేస్తే అందులో ఒక్క వంతు. నీటి మీద అడ్డంగా మైనం పట్టించిన పట్టుదారం, దానికి ఇటు ఆ పొర, అటు ఒక ఆముదం బొట్టు. ఆముదం తోస్తుంటే పొర చెదరకుండా దగ్గరగా నిలుస్తుంది. అప్పుడు క్రోమియం పూత వేసిన రేకును నిలువుగా ముంచి తీస్తే, దిగేటప్పుడు ఒక పొర, లేచేటప్పుడు ఒక పొర పడతాయి. అలా ముంచుతూనే ఉండాలి. చాలా పొరలు పడ్డాక గానీ రంగు కనిపించదు.

"ఒక్క బొట్టు చాలమ్మా. ఎక్కువైతే మన మాట వినదు," అనేవారు.

రేకును దింపే దారం కుదుపు లేకుండా జారడానికి ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవారి చేత నున్నటి లక్క కండె చేయించారు. ఎరుపూ పసుపూ చారలతో అది ల్యాబులో చంటిపిల్లల ఆటవస్తువులా ఉండేది. పొర పరిచినంతసేపూ ఫ్యాను ఆపేయాలి. ఎండాకాలం నర్సీపట్నంలో ఫ్యాను లేకుండా కూర్చున్నవాళ్ళకే ఆ బాధ తెలుస్తుంది. అసలు ఆయనకు బద్ధశత్రువు కొబ్బరినూనె. తల తడిమిన వేలు నీటికి తగిలితే చాలు, కొబ్బరినూనె ముందు పరుచుకుని మా పొరను మూలకు నెట్టేసేది. నేనేమో జడ తడిసేలా నూనె పెట్టుకుని వచ్చేదాన్ని. "అమ్మాయ్, నీ తల గుమ్మం బయట పెట్టి రా," అనేవారు. తలకు తువ్వాలు చుట్టుకుని, ఉడికిపోతూ పక్కన నిలబడేదాన్ని.

పొర చిరిగిన రోజున కూడా ఆయన విసుక్కోగా చూడలేదు. "పొరపాటు అన్నారు ఊరికేనా? పొర కోసం పడే పాటు," అని నవ్వి, తొట్టి కడగడం మొదలుపెట్టేవారు. కడిగీ కడిగీ నాకు ఆ నవ్వు మీదే కోపం వచ్చేది.

ఆ పాటంతా డాక్టరేటు కోసం. విశాఖపట్నంలో ఉన్న ఆయన గైడు, వయసులో ఆయన కంటే చిన్నవాడు, గడువు ఇక పొడిగించేది లేదని తేల్చి చెప్పేశాడు. మెట్లుమెట్లుగా పొరలు వేసిన రేకు ఒకటి ఫలానా రోజుకు తెచ్చి చూపించాలి, అక్కడి పరికరం మీద కొలత సరిపోవాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ వేసవంతా మేము రేకు ముంచాం. గడువుకు ముందు రోజు సాయంత్రం అది సిద్ధమైంది. ఏటవాలుగా పట్టుకుంటే ఒక చివర బంగారు రంగు, తర్వాత వంగపండు ఛాయ, చివరికి నీలం. ఆయన దాన్ని అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురుకు అటూ ఇటూ ఒరిగించి చూసుకున్నారు. నేను మాత్రం ఏడ్చేశాను.

మర్నాడు నేనూ విశాఖపట్నం వెళ్ళాల్సిన పని ఉండి, పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళాను. సార్ స్నానానికి వెళ్ళారు. సార్ తల్లి, మామ్మగారు, దేవుడి గూటి ముందు నుంచి లేచి వస్తూ, "బేగి రా అమ్మా, సూడు," అన్నారు. ఆవిడ చేతిలో, రాత్రి సార్ ఇంటికి తెచ్చుకున్న రేకు. దాని నడిమధ్య గంధం, గంధం మీద కుంకుమ బొట్టు. కొత్త సైకిలుకీ, కుట్టుమిషనుకీ పెట్టినట్టే పెట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. భర్త పోయినప్పటి నుంచి ఆవిడ ఎవరి ఇంట శుభకార్యానికీ వెళ్ళలేదు. ఆవిడ చెయ్యి మంచిది కాదని ఊరు చెప్పింది, ఆవిడ నమ్మింది. దేవుడి గూటి దాటి కుంకుమ ముట్టింది అన్నేళ్ళలో అదే మొదటిసారి. "నా చెయ్యి అచ్చిరాదంటారు గానీ, కన్నకొడుక్కి కూడా అచ్చిరాకుండా పోద్దేటి?" అన్నారు నాతో, కొంచెం భయంగానే.

తుండు భుజాన వేసుకుని సార్ వచ్చారు. చూశారు. కొలత తీయాల్సింది సరిగ్గా అక్కడే, ఆ మధ్యలో. తుడిస్తే బొట్టుతో పాటు పొరలూ లేచిపోతాయి. మామ్మగారు కొడుకు వంకే చూస్తున్నారు.

"బాగుందే అమ్మా," అన్నారు. "ఇప్పుడు నిండుగా ఉంది."

వంగి ఆవిడ కాళ్ళకు దండం పెట్టి, రేకును పెట్టెలో సర్దుకున్నారు.

బస్సులో నాకు ఉక్రోషం ఆగలేదు. "ఆవిడకు చెప్పొచ్చు కదా సార్, ఇన్నేళ్ళ కష్టం పోయిందని!" అన్నాను. ఆయన కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తున్నారు. అటు నుంచి తల తిప్పకుండానే, "నీ చెయ్యి మంచిది కాదని ఆవిడకు ఊరంతా చెప్పింది. నేనూ చెప్పాలా?" అన్నారు.

గైడు బొట్టు చూసి ముందు నవ్వాడు, తర్వాత కసురుకున్నాడు. అంతే, అయిపోయింది. తిరిగొచ్చాక తల్లితో, "అందరూ సూసి మెచ్చుకున్నారమ్మా," అన్నారు. డాక్టరేటు ఏదని ఆవిడ అడగలేదు. ఆవిడకు కొడుకు ముందు నుంచీ డాక్టరు కంటే ఎక్కువే. మళ్ళీ మొదలుపెట్టమని నేను ఒకటి రెండుసార్లు పోరాను. "ఓపిక లేదమ్మా," అన్నారు. తొట్టి బీరువా ఎక్కింది, ఫ్యాను తిరిగింది, నేను హాయిగా నూనె రాసుకున్నాను. ఆ హాయి నాకు ఏనాడూ హాయిగా లేదు.

ఆయన పోయిన నాలుగో రోజున వెళ్ళాను. మైల కదా, దేవుడి గూటికి తెర వేసి ఉంది. మామ్మగారు గోడకు చేరగిలబడి కూర్చున్నారు. ఒళ్ళో రేకు. ఏటా దసరాకు ఆయన దాన్ని తీసి తల్లి ముందు పెట్టేవారట. పాత బొట్టు తుడవనివ్వకుండా దాని మీదే మరో బొట్టు పెట్టించుకునేవారట. "పొర మీద పొర పడాలే అమ్మా," అనేవారట.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నిజం సెప్పమ్మా. నాకంటే ముందు ఎల్లిపోనాడు. నా చెయ్యి మంచిదేనా?" అని అడిగారు.

"మంచిదేనండి మామ్మగారూ. ఆ బొట్టు వల్లే అక్కడ అందరూ మెచ్చుకున్నారు. నేను కళ్ళారా చూశాను," అన్నాను.

ఇది చదివేవారిలో మా ఊరివాళ్ళు ఉంటే, దయచేసి ఆవిడ చెవిన వెయ్యకండి.

ఆవిడ తల ఆడించి, రేకును కొంగుతో తుడవబోయి, కొడుకు వద్దనేవాడని గుర్తొచ్చిందేమో, ఆగిపోయారు. రెండు చేతులతో అంచులు మాత్రమే పట్టుకున్నారు, అచ్చం ఆయనలాగే. కిటికీ వెలుతురుకు రేకు కాస్త ఒరిగింది. మధ్యలో ఏళ్ళ తరబడి పేరుకుని వేలిగోరంత మందమైన బొట్టు, దాని చుట్టూ వంగపండు ఛాయ, చివరన ఇంకా చెదరని నీలం.