ఓబులమ్మ ఇచ్చే నాలుగడుగులు

నంద్యాల వైపు నేను వెళ్లింది దైవదర్శనానికి కాదు. మహానంది, యాగంటి, అహోబిలం అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నా ఒక్కదానికీ పోకుండా తిరిగొచ్చాను. ఫుట్‌బాల్ ఆడే ఒక డిఫెండర్ పిల్లను చూడటానికి వెళ్లాను. ఈ మాట చెబితే మా ఆవిడ, "రిటైరయినాక మనుషులు ఇట్లనే అయితారు" అని డబ్బాలో చిత్రాన్నం సర్ది ఇచ్చింది.

గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్లు మా జట్టుకు బ్యాక్‌గా, అంటే డిఫెండర్‌గా ఆడాను. నాకు వేగం లేదు. నాతో ఆడినవాళ్లు మర్యాదస్తులు కాబట్టి "నిలకడైన ఆటగాడు" అనేవారు. వేగం లేనివాడు బాల్ ఎక్కడికి రాబోతుందో ముందే కనిపెట్టి అక్కడ నిలబడాలి, వేరే దారి లేదు. వేగం ఉన్నవాడికి ఆ బాధ లేదు. తప్పు చేస్తాడు, పరిగెత్తి దిద్దుకుంటాడు, జనం చప్పట్లు కొడతారు. పదహారేళ్ల వయసులో అది చెల్లుతుంది. పెద్ద ఆటకు వెళ్లాక ఎదుటివాడూ అంతే వేగంగా ఉంటాడు, అప్పుడు వీడి బండారం బయటపడుతుంది. అందుకే "మంచి స్పీడున్న డిఫెండర్" అని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

సరిగ్గా ఆ మాటే అన్నాడు ఖాదర్ బాషా. నా దగ్గర ఆట నేర్చుకుని, ఇప్పుడు ఆళ్లగడ్డలో బడిపిల్లలకు ఆటలు చెబుతున్నాడు. ఆడపిల్లల కోసం కొత్తగా పెట్టిన ఒక ఆటల హాస్టల్లో డిఫెండర్ సీటు ఒక్కటి మిగిలిందనీ, ఎవరిని తీసుకోవాలో చెప్పే పని నాకు అప్పగించారనీ అతనికి తెలిసింది. "ఓబులమ్మ అని ఒక పిల్లుంది సార్. ఈ ఏడు దాటితే వయసు దాటిపోతాది. ఒక్కసారి సూడండి" అన్నాడు. ఆదివారం నంద్యాలలో సెలక్షన్ మ్యాచ్. సెలక్షన్ రోజు అందరూ జాగ్రత్తగానే ఆడతారు, అసలు బుద్ధి సొంత ఊళ్లో బయటపడుతుంది. అందుకని ఒకరోజు ముందే బయల్దేరాను.

శనివారం తెల్లవారకముందే గుంతకల్లులో ప్యాసింజర్ ఎక్కాను. డోన్ దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. బేతంచెర్లలో నాపరాళ్ల లోడుల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చినట్టు, బట్టలనిండా తెల్ల దుమ్ముతో ఒక పెద్దావిడ ఎక్కి ఎదురుగా కూర్చుంది. యాడికి పోతాండావని అడిగింది. చెప్పాను.

"ఆ పిల్ల గోల్లు కొడ్తాదా?"

"కొట్టదమ్మా. కొట్టేవాళ్లను ఆపుతుంది."

"గోలు కొట్టనోళ్లను సూసేకి ఇంత దూరమా" అని ఆవిడ కళ్లు మూసుకుంది. పాణ్యంలో ఎవరో లేపేదాకా తెరవలేదు.

తొమ్మిదిన్నరకు నంద్యాల. స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాను. బొరుగులు బాగా నానాయి, బజ్జీలో కారం కొంచెం ఎక్కువ. షేర్ ఆటోలో బస్టాండుకు పోయి ఆళ్లగడ్డ బస్సెక్కితే గంట పైన పట్టింది. సిరివెళ్ల దాటాక ఉడకబెట్టిన పసుపు కొమ్ముల్ని పొలాల పక్కన ఎండేసి ఉన్నారు, ఆ వాసన బస్సులోకి కూడా వచ్చింది. ఆళ్లగడ్డలో దిగగానే రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు, ఉలి చప్పుళ్లు, సగం చెక్కిన దేవుళ్లు. బస్టాండు దగ్గరే లాడ్జి. గుమాస్తా నా ఆధార్ కార్డు చూస్తూ అహోబిలానికా అన్నాడు. ఫుట్‌బాల్‌కు అన్నాను. "సరే సార్, ఆట సూసినాక కొండకు పోయిరాండి. ఇంత దూరమొచ్చి ఊరికే పోతే బాగుండదు" అని తాళం ఇచ్చాడు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు పొద్దున మాత్రమే.

నాలుగున్నరకు ఖాదర్ మోటారుసైకిలు మీద వచ్చి గ్రౌండుకు తీసుకుపోయాడు. నేను చాలా ఊళ్లలో ఆడపిల్లల ప్రాక్టీసు మ్యాచ్‌లు చూశాను. చూసేవాళ్లంటే ఇద్దరు ముగ్గురు అమ్మలు, ఒక కుక్క. ఇక్కడ గట్టు పొడుగునా మగవాళ్లు కూర్చుని ఉన్నారు. తువ్వాళ్లు, బీడీలు, నలుగురి చేతుల్లో ముల్లుకర్రలు.

"వీళ్లంతా ఎవరు ఖాదర్?"

"బండలాగుడు జనం సార్. ఓబులమ్మ వాళ్ల నాయన సుబ్బారెడ్డి పందేలెద్దులు సాకుతాడు. ఈ చుట్టుపక్కల ఆయన జత అంటే పేరు."

బండలాగుడు తెలియనివారికి రెండు మాటలు. ఎద్దుల జతకు పెద్ద బండ కట్టి లాగిస్తారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. ఎద్దుల పక్కన మనుషులు కేకలేస్తూ పరిగెత్తుతారు. కొడుకులు లేని సుబ్బారెడ్డి, పొద్దున ఎద్దుల్ని కాలువ గట్టు మీద ఉరికించేటప్పుడు కూతుర్ని వెంట పెట్టుకుని పోయేవాడట. పిల్ల కాళ్లకు ఆ వేగం అక్కడే వచ్చింది.

ఆట మొదలైంది. ఓబులమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది, జడ మడిచి కట్టింది. ఎదుటి ఫార్వర్డ్ బాల్‌తో వచ్చింది. ఓబులమ్మ పక్కకు తప్పుకుంది. ఫార్వర్డ్ దాటిపోయింది. నాలుగడుగులు పోనిచ్చి అప్పుడు తిరిగి ఉరికింది చూడండి, కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. గోల్ ముందర అందుకుని బాల్ లాగేసుకుంది. గట్టు మీద ఈలలు. "హై, హై" అని ఎద్దుల్ని అదిలించినట్టు అదిలించారు. అందరికంటే పెద్దగొంతు సుబ్బారెడ్డిది.

మళ్లీ ఫార్వర్డ్ వచ్చింది, మళ్లీ అంతే. మూడోసారీ అంతే. ఓడిపోయి వదిలేస్తున్న పిల్ల కాదిది, చూసుకుని వదిలేస్తోంది. నాకు కోపం వచ్చింది. ఇంత మంచి కాళ్లు పెట్టుకుని ఈ తమాషా ఏమిటని.

రాత్రి భోజనం సుబ్బారెడ్డి ఇంట్లోనే. ముందు ఎద్దుల్ని చూపించాడు, తర్వాత కూతుర్ని పరిచయం చేశాడు. జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ, గోంగూర పప్పు పెట్టారు. ఆయన ఎద్దులకు ఉలవలు పెట్టడానికి లేచిపోయినప్పుడు ఓబులమ్మను అడిగాను.

"ఫార్వర్డ్ యాడికి వస్తుందో నీకు తెలుస్తాంది గదా. ముందే పోయి ఎందుకు అడ్డం నిలబడవు?"

ఆ పిల్ల వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "మొదట్లో అట్లనే ఆడ్తాంటి సార్. బాల్ నా దిక్కు వచ్చేదే కాదు. మా ఊరోళ్లు రెండుసార్లు వచ్చి, ఏముందప్పా ఇందులో అని లేసిపోయిరి. జనం రాకపోయేసరికి మా నాయన, ఇంగ చాల్లే, ఇంటికాడుండు అనె. ఒకరోజు నా పక్క నుంచి ఒకామె దాటిపాయె, ఉరికి పట్టుకుంటి. అందరూ ఈలలేసిరి. అప్పట్నుంచి నాలుగడుగులు ఇస్తాండా."

"నాలుగే ఎందుకు?"

"ఎక్కువిస్తే గోలయితాది. తక్కువిస్తే ఎవరూ ఈలెయ్యరు."

ఇన్నేళ్లలో ఇంత పద్ధతిగా తప్పు చేసే ఆటగాణ్ణి నేను చూడలేదు. "రేపు చూసేది నేను. మీ ఊరోళ్ల కోసం ఆడితే సీటు రాదు" అన్నాను.

"మీరు రేపు పోతారు సార్. మా ఊరోళ్లు ఈడనే ఉంటారు. సీటొచ్చినా పంపించేది మా నాయన గదా" అంది.

సుబ్బారెడ్డి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎట్లుంది సారూ మా పాప ఉరుకు?" అన్నాడు. ఉరుకు బాగుంది, నిలబడటం కూడా వస్తే ఇంకా బాగుంటుందన్నాను. "నిలబడిన ఎద్దుకు ఎవడన్నా ప్రైజిస్తాడా?" అని నవ్వాడు. లాడ్జికి వచ్చి పడుకున్నాను గానీ నిద్ర సరిగా పట్టలేదు.

ఆదివారం పొద్దున నేనూ ఖాదరూ పిల్లలతో బస్సులో నంద్యాల చేరేసరికి, మాకంటే ముందే ఊరి జనం టెంపోలో దిగి ఉన్నారు. పోటీ కర్నూలు నుంచి వచ్చిన జట్టుతో. వాళ్ల తొమ్మిదో నంబరు పిల్ల పొట్టిగా ఉంది, వార్మప్‌లో ఆ పిల్ల కాళ్లు చూసి ఖాదర్ గోరు కొరుక్కోవడం మొదలుపెట్టాడు.

పదింటికి ఆట మొదలైంది. కాసేపటికే తొమ్మిదో నంబరు బాల్‌తో వచ్చింది. ఓబులమ్మ నాలుగడుగులు ఇచ్చింది. టెంపో జనం లేచి నిలబడ్డారు. ఉరికింది, బాగానే ఉరికింది. కానీ తొమ్మిదో నంబరుకూ కాళ్లున్నాయి. ఆ నాలుగడుగులు నాలుగడుగులుగానే ఉండిపోయి, బాల్ గోల్లోకి పోయింది. టెంపో జనం మళ్లీ కూలబడ్డారు.

హాఫ్ టైంలో ఓబులమ్మ నెత్తి మీద నీళ్లు పోసుకుని ఒక్కతే కూర్చుంది. వాళ్ల నాయన వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. మ్యాచ్ జరిగేటప్పుడు సెలెక్టర్ ఆటగాళ్లతో మాట్లాడకూడదు. నేను చెప్పులు చూసుకున్నాను.

రెండో సగంలో ఆ పిల్ల ఉరకలేదు. తొమ్మిదో నంబరు ఎటు పోవాలనుకుంటే అటు ముందే పోయి నిలబడింది. మొదట బాల్ రెండుసార్లు నేరుగా ఓబులమ్మ కాళ్ల దగ్గరికే వచ్చింది. తర్వాత కర్నూలు వాళ్లు ఆ వైపుకు బాల్ వేయడమే మానేశారు. చూడటానికి ఏమీ లేదు. నాకు మాత్రం గుండె నిండిపోయింది. ఊరి జనం ఒకరి తర్వాత ఒకరు లేచి గేటు బయట చెరుకురసం బండి దగ్గరికి పోయారు.

సుబ్బారెడ్డి ఒక్కడే నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ముఖం మాడిపోయి ఉంది. "పాప కాలికేమన్నా అయిందా సారూ? నడుస్తాంది."

"కాలు బాగానే ఉంది. నువ్వు పాపను చూడొద్దు, ఆ తొమ్మిదో నంబరును చూడు."

చాలాసేపు చూశాడు. "ఆ పిల్ల యాడికి పోవాలన్నా మా పాప ముందే ఆడ ఉంటాంది" అన్నాడు.

"అదే ఆట."

"మరి నిన్న దాంక ఆడిందేందీ?"

దాచిపెట్టడం నాకు చేతకాదు. "అది మీకోసం. జనం ఈలలేస్తేనే నువ్వు ఆడనిస్తావని, కావాలని నాలుగడుగులు ఇస్తాండాది."

సుబ్బారెడ్డి తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు. నేను అతిగా వాగానా అనిపించింది.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా గ్రౌండు అవతలి పక్కన బ్యాక్ ఆడుతున్న ఆళ్లగడ్డ పిల్ల కాలు జారి పడింది. తొమ్మిదో నంబరు ఆ సందులోంచి ఒంటరిగా దూసుకుపోయింది, ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. ఓబులమ్మ గ్రౌండు ఈ కొసన ఉంది. అక్కడి నుంచి బయల్దేరింది. అడ్డంగా, మొత్తం గ్రౌండు. "ఉరుకమ్మా" అని ఎవరో అరిచారు, అది నేనే. తొమ్మిదో నంబరు కాలెత్తి బాల్ కొట్టబోయే క్షణానికి ఓబులమ్మ కాలు అడ్డం వచ్చింది. బాల్ బయటికి పోయింది. జారిపడిన తన జట్టు పిల్లను చెయ్యిచ్చి లేపి, మళ్లీ తన చోటికి పోయి నిలబడింది.

డిఫెండర్‌కు వేగం ఎందుకో నాకు ఇంత వయసొచ్చాక తెలిసింది. తన తప్పులు దిద్దుకోవడానికి కాదు, పక్కవాళ్ల కాలు జారినప్పటికి దాచుకోవడానికి. నాకు ఆ కాళ్లు లేవు కాబట్టి అది కనిపెట్టే అవసరం రాలేదు. పక్కకు చూస్తే, ఎద్దుల కోసం గొంతు చించుకునే సుబ్బారెడ్డి నోరు మెదపకుండా నిలబడి ఉన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి.

ఒకటి సున్నాతో ఆళ్లగడ్డ ఓడిపోయింది. చెరుకురసం తాగినవాళ్లు తిరిగొచ్చారు.

"పాప ఉరికిందా రెడ్డీ?"

"ఒక్కసారి ఉరికింది. మీరు లేరు" అన్నాడు సుబ్బారెడ్డి. ఎట్లా ఉరికిందని వాళ్లెంత అడిగినా చెప్పలేదు.

నేను అక్కడి నుంచే హాస్టల్ వాళ్లకు ఫోన్ చేసి ఓబులమ్మ పేరు చెప్పాను. మధ్యాహ్నం బస్టాండు పక్క మెస్సులో భోంచేసి, సాయంత్రం రైలుకు స్టేషన్‌కు వచ్చాను. ఖాదర్‌తో పాటు సుబ్బారెడ్డి కూడా షేర్ ఆటోలో వచ్చి దిగాడు. ఆయన ఒప్పుకుంటాడో లేదో అప్పటికీ నాకు తెలియదు. అడగటానికి ధైర్యం చాల్లేదు. రైలొస్తుందని మైకులో చెప్పాక ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ హాస్టల్ కాడ మ్యాచ్‌లు సూసేకి జనమొస్తారా సారూ?"

అబద్ధం చెప్పాలనిపించింది. "రారు. అక్కడ ఎవరికీ ఎవరూ తెలీదు."

"బండలాగుడు నాకు ఎండాకాలమంతా ఉంటాది. మిగతా నెలల్లో ఖాళీనే" అన్నాడు. మళ్లీ తనే, "నేనొక్కన్ని వస్తే సాలదా?" అన్నాడు.

చాలునన్నాను. రైలొచ్చింది.

కిటికీలోంచి పాణ్యం గుట్టలు కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను. అన్నేళ్లు ఆడాను కదా, మా ఇంటి నుంచి నా మ్యాచ్‌కు ఎవ్వరూ రాలేదు. గోలు కొట్టేవాడి ఇంటివాళ్లు వచ్చేవారు, నేనే వాళ్లకు కుర్చీలు వేసేవాణ్ణి. అప్పుడు నాకేమీ అనిపించలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ పిల్ల మంచి చోట ముందే పోయి నిలబడితే, ఏమీ జరగకపోతే, ఆ ఏమీ జరగకపోవడాన్ని చూసి సంతోషించే మనిషి ఒకడు ఇకనుంచి గట్టు మీద ఉంటాడు. నాకు అసూయగా ఉంది.