నీలిపూస తోరం

దొబ్రినా ఉండేది మా భవనంలోనే, నాలుగో అంతస్తులో. ఇరవై ఆరేళ్లు మూడో నంబరు ట్రాలీబస్సు, పైన కరెంటు తీగలతో నడిచేది, నడిపింది. మా పేట డిపో నుంచి డాన్యూబ్ నది రేవు దాకా, రేవు నుంచి డిపో దాకా. అద్దం పక్కన చిన్న పూలకుండీ పెట్టుకునేది. మలుపుల్లో జారకుండా దాని అడుగున తడిగుడ్డ వేసేది. ముసలివాళ్లు నిలబడి ఉంటే బండి కదిలేది కాదు. "కూర్చున్న మొనగాళ్లలో మోకాళ్లు పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మైకులో అడిగేది.

ఆసెన్ రాయ్కొవ్ మేయరయ్యాక ఆఫీసుకు ఆ బస్సులోనే వెళ్లేవాడు. అంతకు ముందు మేయర్లను మేము నల్లకార్ల అద్దాల వెనకే చూశాం. ఈయన రాడ్డు పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేవాడు. ఒకసారి నా చేతిలో పుస్తకం చూసి, రెండు వారాల తరవాత "అయిపోయిందా?" అని గుర్తుపెట్టుకుని అడిగాడు. నేనూ కరిగిపోయాను. దాచుకోవడం ఎందుకు?

మార్చి ఒకటిన మా దగ్గర ఒకరి మణికట్టుకు ఒకరు ఎరుపు, తెలుపు దారాలు పేనిన తోరం కడతారు. ఆ ఏటి తొలి కొంగ కనబడేదాకా దాన్ని విప్పకూడదు. కనబడ్డాక విప్పి, పూసిన కొమ్మకు కట్టేస్తారు. మా పేటవాళ్లకు కొంగ కోసం వెతుక్కునే పని లేదు. డిపో పొగగొట్టం మీదే గూడు, ఏటా మార్చి చివర అక్కడికే దిగేవి. దొబ్రినా తోరాలు తనే పేనేది. వాళ్లమ్మ చేసినట్టే, దిష్టి తగలకుండా ఒక్కోదానికి ఒక నీలిపూస గుచ్చేది. ఒక ఏడు బస్సులోనే మేయరుకూ ఒకటి కట్టింది.

"కొంగ వచ్చేదాకా తియ్యను దొబ్రినక్కా," అన్నాడాయన.

"తీస్తే నాకు తెలిసిపోతుంది బాబూ. నా పూస చాడీలు చెబుతుంది."

బస్సంతా నవ్వింది.

ఆ నెలలోనే డిపో సంగతి బయటికొచ్చింది. డిపో స్థలం ఏదో కంపెనీకి ఇస్తారట, ఊరి బయట కొత్త డిపో కడతారట. డ్రైవర్లు సమ్మెకు సిద్ధమయ్యారు. చేతులెత్తి తేల్చుకుందామని షెడ్డులో చేరిన రోజు మేయరే స్వయంగా వచ్చాడు. తీగల పని చూసే మించో అందరికంటే పెద్దవాడు. అతనే అడిగాడు.

"కొత్తది కట్టాకే పాతది ముట్టుకుంటామని ఒక కాయితం రాసివ్వండి సార్."

"కాయితాలు లాయర్లకి, మించో అన్నా. మనం మనుషులం." మేయరు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎర్రగా, తెల్లగా తోరం. నీలిపూస తళుక్కుమంది.

దొబ్రినా లేచి నిలబడింది. "చూశారా! ఇరవై అయిదు రోజులైంది. ఒక నూలుపోగు విషయంలో మాట నిలబెట్టుకున్నవాడు మన పొట్ట కొడతాడా? నేను సమ్మెకి చెయ్యెత్తను."

"అది తోరం తల్లీ, దస్తావేజు కాదు," అన్నాడు మించో.

"నీకు ఎవరి మీదా నమ్మకం లేదన్నా. అందుకే నీ డొక్కు సైకిలుకి మూడు తాళాలు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సమ్మె వీగిపోయింది, తొమ్మిది చేతుల తేడాతో. ఆ తొమ్మిదీ దొబ్రినా మాట మీద దిగిన చేతులేనని అందరికీ తెలుసు.

వేసవిలో తీగలు దించేశారు. సెప్టెంబరులో పొగగొట్టం పడగొట్టారు, గూడుతో సహా. కొత్త డిపో రాలేదు. ట్రాలీబస్సులు పాత ఇనుము కింద పోయాయి. దొబ్రినా ఒక బడిలో గదులు తుడిచే పనికి కుదిరింది. "ఆలస్యమవుతోందంతే. చెప్పాడుగా, కడతాడు," అని చలికాలమంతా మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకూ చెప్పింది. వాళ్లు అడగకపోయినా చెప్పింది.

ఫిబ్రవరిలో పోలీసులు మేయరు ఆఫీసులో సోదా చేశారు. మేము కింద కాఫీకొట్టులో టీవీ ముందు చేరాం. డిపో స్థలం మేయరు బావమరిది చేతికి ఎలా వెళ్లిందో చెబుతున్నారు. దొబ్రినా కళ్లార్పకుండా వింది. "అందరూ తినేవాళ్లే," అంది మెల్లగా. అక్కడిదాకా తట్టుకుంది.

తరవాత సెక్రటరీ బల్ల సొరుగు చూపించారు. నిండా చిన్నచిన్న కవర్లు, ఒక్కోదానిలో ఒక తోరం. ఒక్కోదాని మీద పొందికైన చేతిరాత. "సంత, మిరపకాయల అవ్వ." "ఆసుపత్రి, నర్సులు." "డిపో, దొబ్రినా, నీలిపూస." మేయరు ఎక్కడికి బయల్దేరితే అక్కడి తోరం తీసి కట్టేవారట. వార్తలు చదివే అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. కొట్టు కూడా గొల్లున నవ్వింది. అంతలో ఎవరు కూర్చున్నారో గుర్తొచ్చి ఆగిపోయింది.

"నీకు సొంత కవరే ఇచ్చారే దొబ్రినా! అదృష్టం!" వెనక బల్ల నుంచి ఒక పాత డ్రైవరు.

"నోరు ముయ్యరా," అన్నాడు మించో.

దొబ్రినా మించో వైపు తిరిగింది. "తెల్లగా ఉందన్నా. ఆ రోజు షెడ్డులో ఆ తెల్లదారం ఇంకా తెల్లగానే ఉంది. ఇరవై అయిదు రోజులు చేతికున్న దారం తెల్లగా ఉంటుందా? నా కళ్లతో చూశాను. చెయ్యి కడుక్కునేటప్పుడు తడవకుండా చూసుకుంటున్నాడు పాపం అనుకున్నాను."

మేయరు రాజీనామా చేశాడు, జైలుకు వెళ్లాడు. ఊరు రెండు వారాలు తిట్టుకుంది. అప్పటికే ఇంకొకాయన సంతలో చేతులు కలుపుతూ తిరుగుతున్నాడు.

మార్చి ఒకటిన మించో నాలుగంతస్తులు ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. తలుపు దగ్గరే దొబ్రినాకు తోరం చూపించాడు. నేను చెత్తబుట్టతో కింది మెట్టు మీద ఉన్నాను.

"చెయ్యి ఇలా పెట్టు."

ఆమె రెండు చేతులూ ఏప్రన్ జేబులో దాచుకుంది. "ఇంకెవరికైనా కట్టుకో అన్నా."

"నేను నిన్ను ఒక్క మాటైనా అన్నానటే?"

"అదే. అనాల్సింది."

అతను తోరం తలుపు గడియకు తగిలించి దిగిపోయాడు. మర్నాటికి అది అక్కడ లేదు.

నెల చివర ఒక ఉదయం "వచ్చాయి, వచ్చాయి!" అని బాల్కనీల్లో కేకలు. అందరూ తోరాలు విప్పుకుంటున్నారు. కొంగలు రెండు. డిపో ఉన్న చోట ఇప్పుడు రేకుల కంచె, లోపల నీళ్లు నిలిచిన గొయ్యి. దాని మీద, పొగగొట్టం ఉండాల్సిన ఎత్తులో, అవి గుండ్రంగా తిరుగుతున్నాయి. కాళ్లు కిందికి చాపుతున్నాయి, మళ్లీ ముడుచుకుంటున్నాయి.

దొబ్రినా పైన తన బాల్కనీలో బడికి వెళ్లే బట్టలతో నిలబడి ఉంది. నేను కింది బాల్కనీలోంచి తలెత్తి చూశాను. విప్పుకోవడానికి ఏమీ లేని మణికట్టును రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"వాటికెవరు చెబుతారు?" అంది.

నన్ను కాదు. కొంగలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.