ఏటి ఒడ్డున బాబాయి

కిందటి వేసవిలో ఓ ఆదివారం పొద్దున మా బాబాయి పచ్చరంగు మీద కూర్చున్నాడు. పిన్ని కంగారుపడలేదు. "కదలకండి" అని, ఆయన ప్యాంటు మీంచి రంగుని చాకుతో జాగ్రత్తగా గీకి మళ్లీ రంగుల పలక మీదికి ఎత్తుకుంది. ఆవిడ అప్పుడు వేస్తున్న బొమ్మలో ఏటి ఒడ్డున మెరిసే పచ్చికలో సగం బాబాయి మీంచి వచ్చిందే.

పిన్ని దర్జీ. వారమంతా బజారు చివరి గదిలో మిషను తొక్కుతుంది. ఆదివారం వస్తే రంగుల పెట్టె చంకన పెట్టుకుని ఏటిగట్టుకి బయల్దేరుతుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గుడ్డ మీద చొక్కా గీసినట్టే సుద్దముక్కతో కొండలు గీస్తుంది. ఆ కొండల చుట్టూ, కుట్టుకి వదిలినట్టు, ఇప్పటికీ కాస్త జాగా ఉంటుంది.

కోటు కుట్టించుకోడానికొచ్చిన డాక్టరమ్మ ఒకరోజు, "మా ఆసుపత్రి గోడ బోసిగా ఉంది, ఓ బొమ్మ ఇవ్వండి. అందులో ఒక మనిషి మాత్రం ఉండాలి. ఉత్త కొండలు చూస్తూ కూర్చుంటే రోగులకి ఇంకా దిగులేస్తుంది" అంది. పిన్ని అంతవరకూ మనిషిని వేయలేదు. ఇంట్లో ఖాళీగా దొరికే మనిషి, బస్సు డ్రైవరుగా రిటైరైన బాబాయి ఒక్కడే.

బాబాయి కాలు నేల మీద నిలవలేదు. డిపోకెళ్లి అందరికీ చెప్పొచ్చాడు. "ఆసుపత్రి గోడ మీద నేనే. వెళ్లి చూడండి, జ్వరం వచ్చేదాకా ఆగక్కర్లేదు." చెప్పేశాక భయం పట్టుకుంది. నా దగ్గర గొంతు తగ్గించాడు. "ఒరేయ్, అది చూసి ఇదెవరని అడిగారనుకో, ఇంక నేను డిపో గడప తొక్కగలనా?"

ఏటి దగ్గర నేను గొడుగు పట్టుకున్నాను. "అటు తిరగండి" అంది పిన్ని.

"అటు తిరిగితే వీపు పడుతుందే."

"ఏరు చూసే మనిషి ఏటివైపే చూడాలి."

తిరిగాడు. కాసేపటికి తల మెల్లిగా వెనక్కొచ్చింది.

"ఏమండీ."

మళ్లీ అటు తిప్పుకున్నాడు. జన్మంతా అద్దంలో వెనక చూసుకున్న మనిషి, పాపం అల్లాడిపోయాడు. "ఒరేయ్, ఏం వేస్తోందిరా?"

"వీపు, బాబాయ్."

"ఇంకా వీపేనా?"

"అదేమన్నా చిన్నదా?" అంది పిన్ని.

బొమ్మ గోడకెక్కిన రోజు డిపో నుంచి కండక్టరూ మెకానిక్కూ ఏ రోగమూ లేకుండా ఆసుపత్రికి వచ్చారు. బాబాయి మందుల కిటికీ పక్కన నక్కి, చెవులు అటు పారేశాడు. బొమ్మలో బొటనవేలంత మనిషి, అటు తిరిగి. ఏళ్ల తరబడి బస్సు కిటికీలో మోచెయ్యి ఆనించి బాబాయి కుడిభుజం కాస్త పైకి లేచిపోయింది. చొక్కా కుట్టినప్పుడల్లా పిన్ని ఆ పక్క ఎత్తుగా కత్తిరిస్తుంది. కుంచె కూడా అలాగే నడిచింది.

"ఇదెవరో వేరే చెప్పాలా? ఆ భుజం చూడు, మనవాడే" అన్నాడు కండక్టరు.

"మనిషి సరే, బస్సెక్కడ వదిలేశాడో" అన్నాడు మెకానిక్.

బాబాయి ఇంక ఆగలేక, వచ్చి బొమ్మ పక్కన అటు తిరిగి నిలబడ్డాడు, పోల్చి చూసుకోండన్నట్టు. నవ్వులకి నర్సు వచ్చి అందర్నీ బయటికి తోలింది. కట్టుకట్టిన కాలితో కూర్చున్న ముసలాయన మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక బాబాయి పొంగిపోతూనే సణిగాడు. "అంతా బాగానే ఉంది గానీ, ఇన్నాళ్లు కాపురం చేశావు, నా మొహం కూడా వేస్తే నీ సొమ్మేం పోయిందీ?"

పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అంది. "మెడ దాటి పైకి నేనెవరికీ కొలతలు తీసుకోనండీ."