గట్టు మీది చెప్పులు

పక్క చేను పెద్దాయన పోయాక ఆయన తోలు చెప్పులు గట్టు మీదే ఉండిపోయాయి. మొనలు ఆయన మోటారు వైపు తిరిగి, ఇప్పుడే విడిచి వెళ్ళినట్టు. ఎవరూ తీయలేదు. మేకలు కూడా వాటి చుట్టూ తిరిగి పోయేవి.

ఆయన తడినేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి మోటారు వేసే స్టార్టరు డబ్బా ముట్టుకున్నాడు. కరెంటు వదల్లేదు.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు రోజులవి. పామిడి దగ్గర మా పల్లెలో ఎన్నో బోర్లకు దుమ్మే వచ్చింది. నీళ్ళు పడిన బోరంటే గంగమ్మే. డబ్బాకు పసుపు కుంకుమ పెట్టేవాళ్ళు, చెప్పులు గట్టు మీద విడిచి గానీ దగ్గరికి పోయేవాళ్ళు కాదు. మా నాయనా అంతే.

పాము, పిడుగు, బస్సు టాపు మీద ప్రయాణం, నాయనకు ఏ గండం ఎంతని అన్నీ బేరీజు వేసి చూసుకునేదాన్ని. అవి ఎప్పుడో వచ్చే గండాలు. డబ్బా మాత్రం దినామూ ముట్టుకునేది. డైరీలో రాసుకున్నాను గానీ నాయనతో చెప్పడానికి నోరు రాలేదు.

చివరికి నాయన తడినేల తొక్కకుండా ఒక పాత తలుపు చెక్క తెచ్చి డబ్బా ముందు వేశాను. మర్నాటికి అమ్మ దానికి పసుపు పూసి బొట్లు పెట్టింది. నాయన చెక్కకు మొక్కి, పక్కన బురదలో నిలబడి మోటారు వేశాడు.

"దాని మీద నిలబడు నాయనా."

"పసుపు పూసిన పీటను తొక్కేది యాడన్నా ఉండాదా?"

"ఆ పెద్దాయనా ఇట్లనే తడిలో ఉత్త కాళ్ళతో నిలబడినాడు గదా!"

"ఆయప్పకు అట్ల రాసిపెట్టింది."

"నీకూ రాసిపెట్టింటే?"

"నాలిక కర్చుకో!" అని అమ్మ అరిచింది. నాయన గట్టు వైపు చూశాడు.

సంతలో కొత్త రబ్బరు చెప్పులు కొని డబ్బా పక్కన పెట్టాను. "ఇవి బయట తొక్కినవి కావు. ఈడే ఉంటాయి, మైల పడవు" అన్నాను.

"కొత్త అల్లునికి చేసినట్ల చేస్తాండావే నాకు" అని నవ్వి తొడుక్కున్నాడు.

అప్పటినుంచి మధ్యాహ్నం సద్ది తీసుకుపోతే నా చూపు ముందు కాళ్ళ మీదికే పోయేది. ఒకరోజు మోటారు గుయ్యిమంటోంది. నాయన పాత చెప్పులు గట్టు మీద ఉన్నాయి. కొత్తవి డబ్బా ముందు ఉన్నాయి, ఖాళీగా. చేనంతా చూశాను. మనిషి లేడు. నాయనా అని కేక వేశాను.

పక్క చేను ఎండిపోయిన బావి వైపు నుంచి వచ్చాడు, చేతులకు మన్ను.

"యాడికి పోయినావు?"

"ఆయప్ప చెప్పులు పూడ్చి వచ్చినా. అవి దినామూ రవ్వంత మన మోటారు పక్కకు తిరుగుతాండాయమ్మా."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నేనూ చూశాను, అవి తిరగడం.

నాయన కాళ్ళు తుడుచుకుని రబ్బరు చెప్పులు తొడుక్కున్నాడు. మోటారు ఆపాడు. గట్టు మీద పెద్దాయన చెప్పులు ఉన్నచోట అరికాళ్ళంత తెల్లటి మచ్చలు రెండు మిగిలాయి. మేకలు వాటినీ చుట్టి పోయేవి.